గ్రేడింగు

పలాస జీడి ఫ్యాక్టరీలో
ఇరవయ్యేళ్లు పప్పు ఏరిన చెయ్యి తవిటమ్మది.
తూకం అక్కర్లేదు, చూపు చాలు:
ఇది రెండువందల నలభై, ఇది మూడువందల ఇరవై,
ఇది బద్ద.

ఆమె తలలో గడ్డని
శ్రీకాకుళం డాక్టరు ముప్ఫయ్యొక్క మిల్లీమీటర్లన్నాడు.
విశాఖలో ఇంకొకాయన ముప్ఫయ్యేడన్నాడు.
ఫిల్ము ఒకటే.
అంచు ఎక్కడన్నదే తేడా.

"ఒక్క గింజకి రెండు పేర్లెట్టీసినారేటి బాబూ?
మా సావుకారైతే కూలి కోసీసును."

నవ్వాను.
రాత్రి ట్రయలు వాళ్ల కొత్త ఫారం తిరగేస్తుంటే
ఆ మాటే అడ్డుపడింది.
ఏ అంచు నుంచి ఏ అంచుకి గియ్యాలో,
దానికి అడ్డగీత ఎక్కడో,
వాపు మాత్ర ఎన్ని మిల్లీగ్రాములో కూడా రాయాలట,
మాత్ర తగ్గించినదాన్ని
మందు ఖాతాలో వేసుకోకుండా.
రేడియేషనయిన కొత్తలో పెరిగినట్టు కనపడితే
పెరిగిందని అప్పుడే అనేయకూడదట.

నాలుగో విజిట్టు.
ఇద్దరు డాక్టర్లు, ఒకరికొకరు చూపించుకోకుండా,
మొదటిసారి ఒకే అంకె వేశారు.
గడ్డ పెరగలేదు.
'నిలకడ' గడిలో టిక్కు పెట్టి
నా పని నేను మెచ్చుకుంటున్నాను.

తవిటమ్మ కొంగుముడి విప్పి
నాకని తెచ్చిన పప్పు బల్లమీద పోసింది.
ఊరుకోలేక ఏరడం మొదలెట్టింది.
గుండు ఇటు, బద్ద అటు, చకచకా.
కుడివైపు సగమే.
ఎడమవైపు కుప్ప అలాగే ఉంది,
బల్ల అక్కడితో ఆగిపోయినట్టు.

"అయిపోనాయి బాబూ" అంది.

ఫారం వెనక్కి తిప్పాను.
దీనికీ ఒక గడి ఉంది, చివరి పేజీలో.
మూడు విజిట్లుగా
'మార్పు లేదు' అని
అడక్కుండానే
నేను నింపేస్తున్న గడి.