అప్పు తీసుకున్న పీరియడ్

గురువారం నాలుగో పీరియడ్ బిజూ సార్‌ది.
టైంటేబుల్లో డ్రాయింగ్ అని ఉంటుంది.
పోర్షన్ మిగిలిపోయిందని
ఏప్రిల్ నుంచి ఏడుసార్లు అప్పడిగాను.
ప్రతిసారీ రంగుల డబ్బా మూసి
"తీసుకోండి మేడమ్" అంటాడు.
ఒక్కటీ తిరిగివ్వలేదు.

ఆ రోజు అబ్బాసియా మీద దుమ్ము.
పదకొండింటికే మసక. ఎదురు బిల్డింగు మీది
డిష్ యాంటెన్నాలు ఒక్కొక్కటే మాయమయ్యాయి.
కిటికీ సందుల్లో తడిగుడ్డలు కుక్కినా
డస్టర్ మీద, టిఫిన్ మూతల మీద, నా హాజరు పట్టీ మీద
శనగపిండిలాంటి ఇసుక.

ఆరో తరగతి బి. బోర్డు మీద ఎల్‌సీఎం,
మూడుకీ నాలుగుకీ.
నలభై రెండు మంది నోట్సులోకి ఎక్కిస్తున్నారు,
అర్థం చేసుకునే పని ట్యూషన్‌కి వదిలేసి.
చివరి వరసలో కెజియా బెంచీ కొడుతోంది
వేళ్ళతో, మెల్లగా,
ఒక చెయ్యి మూడేసి, ఒక చెయ్యి నాలుగేసి.
తిట్టడానికే వెళ్ళాను.
దగ్గరికెళ్ళాక వినబడింది:
పన్నెండో దెబ్బకి రెండు చేతులూ ఒక్కటై పడుతున్నాయి.

"ఎవరు నేర్పారు?"
తల దించింది.
"మా తాత డప్పు కొడతాడు మిస్, రాజోలు దగ్గర.
బళ్ళో చెప్పొద్దన్నాడు నాన్న."

ఆ చివరి మాటకి నా దగ్గర ఏ ఫార్ములా లేదు.
స్టాఫ్ రూములోంచి ఖాళీ బిస్కెట్ల డబ్బా తెచ్చి
ఆ పిల్ల ముందు పెట్టాను.
"ఆగకుండా కొట్టు. అందరికీ వినబడాలి."

కిటికీ వైపు వాళ్ళు మూడుకొక చప్పట,
తలుపు వైపు వాళ్ళు నాలుగుకొకటి.
మొదట గోల. అచ్చం శుక్రవారం సంత.
తర్వాత ఎక్కడో ఆ గోల తనని తానే లెక్కపెట్టుకుంది.
పన్నెండు. ఇరవై నాలుగు. ముప్పై ఆరు దగ్గర
మెహ్రీన్ బెంచీ ఎక్కి అరిచింది:
"మిస్, అవి కలుసుకుంటున్నాయి!"

డబ్బా మూత మీది ఇసుక కూడా వింటోందని
ముందు కనిపెట్టినవాడు లోహిత్.
దెబ్బ పడ్డప్పుడల్లా రేణువులు ఎగిరి, పక్కకి జరిగి
గీతల్లా కూర్చుంటున్నాయి.
"ఇది సైన్సు మిస్, సౌండ్ పాఠం!"
"మనమింకా దానికి రాలేదుగా" అన్నారెవరో.
పాఠమే వచ్చేసింది, తలుపు తట్టకుండా.
ఈ ఇసుక ఎక్కడిదని ఒకడు, ఇరాక్ వైపుదని ఒకతె,
పటం ఎక్కడుందని ఇంకొకరు.

తలుపు తట్టింది మాత్రం సూపర్‌వైజర్.
"మ్యాథ్స్ క్లాసేనా ఇది?"
ఏదో అన్నాను.
ఏమన్నానో గుర్తు లేదు, ధైర్యంగా అయితే అనలేదు.
ఆయన వెనక బిజూ సార్, చప్పుడు విని వచ్చాడట.
అడక్కుండానే నల్ల కాగితాలూ సుద్దముక్కలూ పంచి
"ఇసుక ఏం గీసిందో గీయండి,
కదిపితే పోతుంది" అన్నాడు.
ఎనిమిదో అప్పు అది.
ఎవరు ఎవరికి ఇచ్చారో ఇప్పటికీ తేలలేదు.

అంతా బాగుపడిందని చెప్పను.
యూనిట్ టెస్టులో సగం మంది పాత తప్పులే చేశారు.
లోహిత్ ఇసుక గురించి రాశాడు,
ప్రశ్న ఇసుక గురించి కాకపోయినా.
కెజియా పేపర్లో ఆరుకీ ఎనిమిదికీ
జవాబుంది, స్టెప్పులు లేవు.
ఉండాల్సిన చోట రెండు వరసల చుక్కలు,
కొన్ని ఖాళీగా, కొన్ని పెన్సిల్ ఒత్తి నల్లగా.
కీ ప్రకారం స్టెప్పులకి రెండు మార్కులు.

రాత్రి పదకొండు. ఫ్లాటులో ఏసీ రొద ఒకటే.
ఎర్ర పెన్ను పక్కన పెట్టి
ఎడమచేత్తో ఆరేసి, కుడిచేత్తో ఎనిమిదేసి
భోజనాల బల్ల మీద ఆ చుక్కల్ని చదివాను.
పద్దెనిమిది దగ్గర తడబడి మళ్ళీ మొదలుపెట్టాను.
ఇరవై నాలుగుకి రెండరచేతులూ ఒకేసారి పడ్డాయి,
గ్లాసులో నీళ్ళు ఉలిక్కిపడ్డాయి.

గదిలోంచి మా ఆయన: "ఏంటా చప్పుడు?"
"పేపర్లు దిద్దుతున్నా."