టీ పన్నెండు ఎస్

శుక్రవారం. ముర్గాబ్ సందులో మా అంగడి.
ఓబులమ్మ గాజుబల్ల మీద చీటీ పరిచింది,
చెమటకు సగం చెరిగిన కూతురి రాత:
"టీ పన్నెండు. ఎస్ ఉండేది. ప్రో వద్దు."

తీసి పెట్టాను.
టీ పన్నెండు, టీ పన్నెండు ఎస్, ఎస్ ప్రో,
ప్రో కన్నా తక్కువైన ప్లస్,
ప్లస్ కన్నా ఖరీదైన లైట్.
అన్నీ ఒకే నలుపు, ఒకే బరువు.

"తేడా ఏంది నాయనా?"
ఏడేళ్లుగా అమ్ముతున్నాను.
డబ్బా వెనక్కి తిప్పి
చదువుతున్నట్టు కాసేపు నిలబడ్డాను.
"ఎస్ అంటే?"
"స్పీడ్" అన్నాను.
పోయిన వారం ఇంకొకామెకి "స్లిమ్" అని చెప్పాను.

నవ్వింది.
"మా మేడమ్ ఇంట్లో ఈ తిప్పలు లేవులే.
నాకు ముందున్న రాయచోటి పిల్ల సల్మా.
దానికి ముందు సిలోన్ ఆమె, ఆమే సల్మా.
ఇప్పుడు నేను.
పేరు మార్చరు, మనిషిని మారుస్తారు."

నలభై ఎనిమిది దినార్లు,
రెండుసార్లు లెక్కపెట్టి ఇచ్చింది.
రసీదుకి పేరడిగాను.
"ఓబులమ్మ. పూర్తిగా రాయి,
కొండారెడ్డిపల్లె చిన్న ఓబులమ్మ."

మిషన్‌లో ఆ గడి చిన్నది.
పెన్ను తీసి
చేత్తో రాశాను, అంచు దాటి.