దూది మంచు

మందుల షాపులో కొన్న రెండు దూది చుట్టలు.
మంచు అనుకోమన్నాను.
"ఇంజక్షన్ వాసనొస్తోంది" అంది కెజియా.
ఒబేదు కాస్త తిని చూశాడు.

మోండా మార్కెట్ ఎర్ర టోపీలు,
వాటి కింద కారే చెమట.
బొల్లారం డాబా మీద, పదకొండు గంటల ఎండలో
ఇద్దర్నీ నీళ్ల ట్యాంకు పక్కన నిలబెట్టి
ఇటు చూడండి, ఇటు, ఇటు నాన్నా...
ఒకరు నన్ను చూస్తే ఒకరు పావురాన్ని.
కింద నీళ్ల లారీ హారన్ కొట్టిందా,
పిట్టగోడకేసి ఇద్దరూ ఒకటే పరుగు,
వాళ్లకంటే ముందు నా గుండె.

అరవై మూడు ఫొటోలు.
ఒక్కదాంట్లోనే నాలుగు కళ్లూ తెరిచి ఉన్నాయి.
వాడి టోపీ మెడలోకి జారింది,
మీసానికి దూది.
దాని అరచేతిలో
అప్పుడే ఊడిన పాలపన్ను,
నవ్వాలో ఏడవాలో ఇంకా తేలని మొహం.
ఇద్దరి కాళ్ల మీదా పొడుగ్గా
మోచేతులెత్తిన ఒక నీడ.

చిలకలగూడ ప్రెస్సులో యాదగిరి
తెర మీద వేలు పెట్టి అడిగాడు:
"ఈ నీడ తీసేద్దునా మేడం? ఒక్క నిమిషం పని."

పోయినేడు కార్డులో లేను. అంతకుముందుదాంట్లోనూ.

"ఉండనీ" అన్నాను.
"పన్ను మాత్రం స్పష్టంగా పడాలి."