చెడిపోని వస్తువు

రిచ్చీ స్ట్రీట్‌లో మాది మెట్లకింది కొట్టు.
నాన్న రేడియోలు విప్పిన బల్ల మీదే
నేను గేమ్ పెట్టెలు విప్పుతాను.
ఇరవై రెండేళ్లలో నా దగ్గరికి
చెడిపోని వస్తువు పట్టుకొచ్చిన మనిషి
చెంగల్రాయుడు గారొక్కరే.

హార్బర్‌లో క్రేను నడిపి రిటైరయ్యారు.
గుడ్డసంచిలో పెట్టె, పెట్టె మీద డిస్కు,
డిస్కు మీద మడత నలగని బిల్లు:
మూడువేల నాలుగొందల తొంభై తొమ్మిది, పన్నుతో కలిపి.
"వేదవల్లీ, చూడమ్మా. తిరుగుతోంది గానీ కదలడం లేదు."

చూశాను.
లెన్సు తుడిచాను. అక్కర్లేదు, అయినా తుడిచాను.
ఫ్యాను శుభ్రం. బోర్డు మీద ఒక్క మచ్చ లేదు.
డిస్కు ట్యూబ్‌లైటుకి ఎత్తి పట్టుకుంటే
నా ముఖమే కనిపించింది, గీత పడకుండా.

టీవీకి తగిలిస్తే నీలం తెర.
ఇంగ్లీషులో, ఎంతో మర్యాదగా:
ఈ ఆటకు మా సేవలు ముగిసినవి.
ఇన్నాళ్లూ మాతో ఆడినందుకు కృతజ్ఞతలు.
కింద ఒకే ఒక్క మీట.
సరే.

కాదు అనడానికి మీట పెట్టలేదు వాళ్లు.

అది ఓడల ఆట.
ముప్పై ఒక్క ఏళ్లు ఓడల్లోంచి సరుకు దించిన మనిషి
ఒక్క ఓడనీ తిప్పి ఎరగడు.
ఇందులో చుక్కాని ఆయనది.
రాత్రి భోజనమయ్యాక, రాయపురంలో, దోమతెర పక్కన కూచుని
పొగమంచులోంచి రేవుకి తెచ్చేవారట.
ఎవరో, ఏ దేశమో తెలీదు,
లైట్‌హౌస్ దాటేటప్పుడు
తన ఓడ దీపం మూడుసార్లు ఆర్పి వెలిగించేవాడట.
ఈయనా మూడుసార్లు.
అంతే వాళ్ల స్నేహం. పేరు అడగలేదు.
"ఇప్పుడెక్కడ వెతకను వాణ్ణి?" అన్నారు.
వెంటనే సిగ్గుపడి బిల్లు సర్దారు.

ఫోన్లో షరతులు తెరిచాను.
నలభై ఒకటో పేజీలో, చీమ తలకాయంత అక్షరాల్లో,
మీరు కొన్నది ఆట కాదు, ఆడుకునే అనుమతి అని ఉంది.
ఎప్పుడైనా వెనక్కి తీసుకుంటారట.
బిల్లు మీద మాత్రం "అమ్మకం" అనే ఉంది. లావుపాటి అక్షరాల్లో.

మా ఇంట్లో ఓ వెట్ గ్రైండరుంది.
అంబత్తూరులో దాన్ని చేసిన కంపెనీ
నేను బళ్లో ఉండగానే మూతపడింది.
గేటుకి తాళమేసిన రోజున
ఎవరూ మా ఇంటికొచ్చి రాయి ఆపలేదు.
నిన్న కూడా దోసెపిండి రుబ్బింది,
కాస్త గొణుగుతుంది, బెల్టు రెండుసార్లు మార్చాను.
కంపెనీని బతికుండమని మేమెప్పుడూ అడగలేదు.
రాయి జోలికి రాకపోతే చాలు.

ఆయన అడిగేదీ అంతే.
"కలకాలం నడపమనడం లేదమ్మా, కరెంటు ఖర్చు నాకూ తెలుసు.
పోతూ పోతూ తాళంచెవి గుమ్మం మీద పెట్టి పోవచ్చుగా.
మాలో ఎవరో ఒకరు రేవు నడుపుకుంటారు.
అదీ కుదరదంటే, ఒంటరిగానైనా తిప్పుకోనీ."

స్క్రూడ్రైవరుకి ఇందులో పని లేదు.
ఆ మాట చెప్పడానికి నోరు రాలేదు.
బిల్లు పుస్తకం తీశాను.
డిస్కు బాగుంది. పెట్టె బాగుంది.
వాడినవారి తప్పు లేదు.
లోపం ఎక్కడ అనే గడి దగ్గర పెన్ను ఆగింది.
చివరికి రాశాను: అమ్మినచోట.
కూలీ సున్నా. ముద్ర వేశాను.

"వినియోగదారుల కోర్టులో చెల్లుతుందా ఇది?"
"తెలీదు సార్, పెట్టి చూడండి."
నాన్న పేరున్న ముద్ర అది.
ఎక్కువ డబ్బులకి పడింది గానీ
అబద్ధం మీద ఎప్పుడూ పడలేదు.

కాయితం చొక్కా జేబులో పెట్టుకుని
పెట్టె సోమవారం దాకా ఇక్కడే ఉంచమన్నారు.
మెట్లెక్కి, మళ్లీ రెండు మెట్లు దిగి,
"ఆ సరే మాత్రం నొక్కకు."

తొమ్మిదయింది. పక్క కొట్ల షట్టర్లు పడుతున్నాయి.
నీలం తెర అలాగే ఉంది, జవాబు కోసం.
స్విచ్చి మీద చెయ్యేసి,
ఊరికే, ఎవరు చూస్తారని,
కొట్టు లైటు మూడుసార్లు ఆర్పి వెలిగించాను.

వీధి చివర ఓ ఆటో హారను కొట్టింది.
నాకు కాదు.