ఏరడానికి నెల

నెల్లూరు పొగతోట సందులో ల్యాబు.
రాత్రి పదకొండుకి చివరి ట్యూబు, నీలం మూతది.
మస్తానయ్య, సంగం కాలవ లస్కరు.
పిక్క వాచింది, నొక్కితే సొట్ట.

గిర్రున తిప్పి ఆపాను.
ఎరుపంతా అడుక్కి దిగింది,
పైన వరిగడ్డి రంగు ప్లాస్మా.
అందులో నిద్దట్లోనే తిరిగే కూలీ, ప్లాస్మినోజెన్.
తట్టి లేపితే గానీ కొడవలి పట్టడు.
లేచాడా, ఇక ప్లాస్మిన్:
గండి పూడ్చిన ఫైబ్రిన్ వలని
పోగు పోగునా కోస్తాడు.
లేపడానికి ఒకరు,
లేపేవాడి చెయ్యి పట్టుకోడానికి ఒకరు,
కోత గట్టు దాటితే
కొడవలి లాక్కోడానికి ఇంకొకరు.

ఇంత కాపలా ఎందుకో
సూది గుచ్చేటప్పుడు మస్తానయ్యే అన్నాడు,
వేరే సంగతేదో చెబుతూ:
"పెన్న పొంగినప్పుడు ఇసక మూటలేసింది మేమే అబ్బయా.
తగ్గినాక ఏరిందీ మేమే.
ఎయ్యను ఒక రాత్రి. ఏరను నెల.
తొందరపడితే మళ్లా గండే."

డి-డైమర్ అంకె తేలింది.
ఉండాల్సినదానికి ఆరింతలు.
ఎక్కడో గడ్డ ఉందేమోనంటాడు డాక్టరు.
నాకు తెగిన పోగులు కనిపించాయి.
ఎవరో అప్పుడే పనిలోకి దిగారు,
ఒంటరిగా, చాలీచాలకుండా.

రిపోర్టు పట్టుకుని బయటికొచ్చాను.
బెంచీ మీద కాలు చాపి
మస్తానయ్య కునుకు తీస్తున్నాడు.

భుజం తట్టాను.