కింది సగం

మబ్బున లేచాను, మబ్బుల కోసమే.
అరాల్ పట్నంలో ఈ వేళకి
రొట్టెలు కాల్చే ఆయనా, రైలు గేటు కాసే ఆయనా, నేనూ
ముగ్గురమే మేలుకునేది.

పగలంతా నాది పాస్‌పోర్టు ఫోటోల కొట్టు.
చెవులు కనబడాలి, నవ్వకూడదు, వెనక తెల్లగుడ్డ.
పొద్దుకి అలాంటి షరతులేం లేవు.
అందుకని రెండు పూటలా దాని గుమ్మంలో నిలబడతాను,
తుప్పుపట్టిన రేవు క్రేను కింద
మూడుకాళ్ల స్టాండు ఇసకలో గుచ్చి,
వేళ్ల కొసలు కత్తిరించిన చేతితొడుగులతో.

మొదట బూడిద.
తర్వాత పావురం మెడ.
ఆ తర్వాత ఎవరో ఒక్క వేటుకి పుచ్చకాయ కోసినట్టు
అంచు నుంచి అంచుకి.
ఎంతసేపని? కప్పులో టీ చల్లారేంత కూడా కాదు.
లెన్సు తుడిచేలోపు
గులాబీ కాస్తా ఎండుగడ్డి అయిపోతుంది.

నా కెమెరాకి ఒక జబ్బుంది.
ఎరుపు ఎక్కువైతే తప్పనుకుంటుంది.
కాపీ పుస్తకం పట్టుకున్న పంతులమ్మలా దిద్దేసి
ఆకాశాన్ని ఆస్పత్రి గోడ చేసి చూపిస్తుంది.
ప్రతి పూటా దానికి చెప్పాలి:
దిద్దకు.
అది అట్లాగే ఉంది.

ఏ ఫిల్టరు వేశావని
అల్మాటీ నుంచి క్యాలెండర్ వాళ్లు అడిగారు.
ధూళి, అన్నాను.
సముద్రం వెళ్లిపోతూ విడిచిపెట్టిన అడుగు,
ఉప్పూ, పత్తి చేలకి కొట్టిన మందులూ కలిసిన మెత్తటి పిండి,
గాలి లేచినప్పుడల్లా తనూ లేచి
పొద్దుకి అడ్డం నిలబడుతుంది.
పొద్దు దాన్ని తోసుకుంటూ రావాలి, తోసుకుంటూ పోవాలి.
ఆ ఒరిపిడి రంగు ఇది.
వాళ్లు నవ్వి, పన్నెండు కొన్నారు.
ఆ డబ్బులో కొంత నా దగ్గుమందుకే పోయింది.

నా పేరు ఉల్బోసిన్.
మగపిల్లాడు పుట్టాలి, అని అర్థం.
నాలుగో ఆడపిల్లకి మొక్కులా పెట్టే పేరు.
చిన్నప్పుడు నన్నెవరు పిలిచినా
నా భుజం మీదుగా వెనక రాబోయేవాణ్ణి చూస్తున్నట్టుండేది.
అందుకేనేమో,
ఉన్నదాన్ని ఉన్నట్టు తీసే పని పట్టుకున్నాను.

కెంజెబెక్ తాత ఒకప్పుడు చేపల పడవ నడిపినవాడు.
క్యాలెండర్ ఇచ్చాను.
పేజీ పేజీ తిప్పాడు, బాగుందనలేదు.
ఏప్రిల్ దగ్గర ఆగి
"ఆ మర్నాడు వాయవ్యం గాలి కొట్టుండాలే" అన్నాడు.
కొట్టింది.
డిసెంబరు దాటి, వెనకట్ట కూడా చూసి
"మిగతా సగమేది?" అన్నాడు.
ఏ సగం తాతా?
"కింది సగం."

ఆయన ఎరిగిన పొద్దుగూకుళ్లకి రెండంతస్తులు.
పైన ఒకటి మండుతుంటే
కింద ఇంకొకటి వణుకుతూ ఉండేది.
వల లాగితే పై మబ్బు కదిలేది కాదు,
కింది మబ్బు పీలికలయ్యేది.
చేపలతో పాటు చారెడు ఎరుపు
పడవలోకి జారిపడేదట.

ఆనకట్ట కట్టాక నీళ్లు కొంత వెనక్కొచ్చాయంటారు.
జీపులో పోయి చూసి రావచ్చు.
ఆయన పోలేదు.
"అలిగి వెళ్లింది అది. గుమ్మం దాకా అదే రావాలి."

మార్చిలో మంచు కరిగి
లారీ టైరు గాడిలో బెత్తెడు నీళ్లు నిలిచాయి.
బురదలో బోర్లా పడుకున్నాను, గడ్డం తడిసేలా.
గొర్రెలు తోలుకుపోయేవాడు నాకేదో అయిందనుకుని ఆగాడు.
పోవయ్యా, గాలి ఆడనివ్వకు, అని చెయ్యూపాను.
గాలి ఆగింది.
పుచ్చకాయకి రెండో చెక్క దొరికింది.
ఒక్కటే తీశాను.

కాగితం మీద అచ్చేసి పట్టుకెళ్లాను.
కళ్లజోడు కనబడక కిటికీ దగ్గరికి జరిగాడు.
ఫోటోని తలకిందులుగా పట్టుకుని
చాలాసేపు చూశాడు,
బొటనవేలు అంచు మీద అటూ ఇటూ కదుపుతూ,
తడి ఉందేమో అన్నట్టు.

చెబుదామని నోరు తెరిచాను.
దిద్దలేదు.