మొదటి వంతు

తొమ్మిదికే తాళం తీసినాను.
అయిదో తరగతి బెంచీలు గోడకు జరిపి
బోర్డు మీద నిన్నటి భిన్నాలు తుడిచి
హెచ్చెం సారుకు జాగా చేసినాను.
‘బడి కమిటీ ఎన్నిక’ అని రాసినాడు.
కింద, చిన్నక్షరాల్లో,
‘తల్లిదండ్రులు మాత్రమే’.

నా పిలకాయలు ఈ బడి దాటి పదేండ్లు.
ఒకడు శ్రీసిటీలో ఫోన్లకు అద్దాలు అతికిస్తాడు,
కూతురు కాణిపాకం దోవలో పూలు కడతాది.
అందుకని నాకు ఓటు లే.
నాకుండేది చీపురు, ఫినాయిలు డబ్బా,
కొంగు ముడిలో బాత్రూము తాళంచెవి.

పదిన్నరకు పద్నాలుగు మందే.
యాభైరెండు మందిలో సగం రాకుంటే చెల్లదంట.
బంగారుపాళ్యం పక్క తోటల్లోకి ఫోన్లు పోయినాయి:
‘రెండు నిమిషాలు వొచ్చి చెయ్యెత్తి పోండప్పా!’
టెంపోలో పన్నెండు మంది దిగినారు
చేతులకు మామిడి సొన,
పల్ప్ ఫ్యాక్టరీ గేటుకాడ
రెండు రాత్రులు లారీ కింద పండుకున్న కండ్లు.

సారు లెక్క చదివినాడు.
రావాల్సింది యాభై వేలు.
వచ్చింది పన్నెండున్నర.
కరెంటు బాకీ తొమ్మిది.
కాలిన మోటరు చుట్టించేదానికి ఆరు.
ఆ భిన్నాలు నేనెందుకు తుడిచినానా అనిపించింది.

మొదట చెంగల్రాయులు లేచినాడు,
జేబులో రెండు పెన్నులు.
‘గోడ లేని బడి, కంచె లేని చేను’ అన్నాడు.
వానకు పడిన ప్రహరీ తానే లేపిస్తానన్నాడు.
డబ్బు యాడిదని ఎవురూ అడగలే.
బామ్మర్దికి ఇటుకల బట్టీ ఉండేది మాత్రం
అందరికీ తెలుసు.

గుణశేఖర్‌కు మాట్లాడేది రాదు.
‘అయిదు తరగతులకు ఇద్దరే అయివార్లు.
ఇంటికి నెలకు వంద వేసుకుంటే
ఇంకొకామెను పెట్టుకోవచ్చు’ అన్నాడు.
వంద అనేసరికి
కిటికీ దగ్గరోళ్లకు బీడీ గుర్తొచ్చింది.

కస్తూరి పాలకేంద్రంలో వెన్న చూసే మనిషి.
పాలచీటీ వెనక రాసుకోనొచ్చింది.
‘బాత్రూములు మనమే వంతులేసుకొని కడిగితే
నెలకు ఆరువేలు మిగులు.
ఏడాదికి డెబ్బైరెండు.’

నా పేరు చెప్పలే.
నా అంకె చెప్పింది.
నాలుగు నెలలుగా రాని అంకె.
రాని డబ్బును మిగిలించేది ఎట్లని
పాలల్లో నీళ్లు కనిపెట్టే మనిషికి తెలియాల గదా.
కోపం రాలేదంటే అబద్ధం.
తలుపు పక్కన నిలబడి
చీపురు పుల్లలు ఒకటొకటీ సరిచేస్తా ఉన్నాను.

అప్పుడు వెనక నుంచి
రెండో తరగతి పిలగాడి అమ్మ, దిల్షాద్:
‘వంతులు సరేక్కా.
మొదటి వంతు ఎవురిది?’

ఫ్యాను చప్పుడు.
ఊర్లో ఎవురి దొడ్డి ఎవురు కడగతారో
తరతరాలుగా అందరికీ తెలిసిన చప్పుడు లేనితనం.
ఒకామె కొంగు సర్దుకునింది.
చెంగల్రాయులు పెన్ను మూత తీసి, మళ్లీ పెట్టినాడు.

కస్తూరి చీటీ మడిచింది.
‘నాదే’ అనింది.

చేతులు లేచినాయి,
సొనకు నల్లబడిన చేతులు, గాజులు, ఒక కట్టు కట్టిన వేలు.
పదకొండు. మూడు. పన్నెండు.
నా చెయ్యి గూడా లేచింది, చీపురుతో సహా.
సారు నన్ను దాటుకొని లెక్కపెట్టినాడు.
ఎవురికి లేచిందో చెప్పను.

సోమారం తెల్లారి ఆరుకు
కస్తూరి బడి మెట్ల మీద ఉండాది,
చీర ఎగదోపుకొని, పాలవాసనతో.
‘తాళంచెవి ఇయ్యి.’
ఇయ్యలే.
‘ఇరవైనాలుగు వేలు తెచ్చి ముడి విప్పు’ అన్నాను.

ఆ మనిషి మొహం చూడలేక
గోడ పడిన దిక్కు చూసినాను.
గొర్రెలు లోపలికొస్తా ఉండాయి.
చానాసేపటికి నా పక్కన కూచుని
పాలచీటీ తిప్పి మోకాలి మీద పెట్టుకునింది.
‘ఏ నెల నుంచి రాలేదో చెప్పు, రాసుకుంటా.’

‘ఫిబ్రవరి’ అని మొదలుపెట్టినాను.